సాంచాల వీధి నుంచి ఫైర్‌వాల్ దాకా: సూరత్ తెలుగు పిల్లలకు సెక్యూరిటీ సర్టిఫికెట్లు ఎంతవరకు పనికొస్తాయి?

సూరత్‌లో తెలుగు మాట వినపడాలంటే లింబాయత్, ఉధనా, డిండోలీ వైపు వెళ్లాలి. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే ఆ జనాభా చిన్నది కాదని అర్థం. సాంచాల మీద, బట్టల మార్కెట్లలో పనిచేసిన తండ్రుల పిల్లలు ఇప్పుడు బీసీఏ, బీకాం, డిప్లొమా చదువుతున్నారు. వాళ్లలో కంప్యూటర్ కొలువు మీద కన్నేసినవాళ్లు కొందరు తాపీ నది దాటి అడాజన్ వెళ్తుంటారు.

అడాజన్ నగరానికి పడమటి వైపున్న మధ్యతరగతి ప్రాంతం. ఆనంద్ మహల్ రోడ్డు, హనీ పార్క్ రోడ్డు చుట్టుపక్కల వ్యాపార సముదాయాల పై అంతస్తుల్లో కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు కనిపిస్తాయి. ఇలాంటి కేంద్రాల బోర్డుల మీద మాటలు హైదరాబాద్ అమీర్‌పేటలో కనిపించేవే. ఎథికల్ హ్యాకింగ్, సైబర్ సెక్యూరిటీ, అంతర్జాతీయ సర్టిఫికెట్, నూరు శాతం ప్లేస్‌మెంట్. ఆరు నెలలు, ఏడాది ప్యాకేజీలు. ఫీజు వాయిదాల్లో కట్టొచ్చు.

ఈ ప్యాకేజీకి పెట్టే డబ్బు ఒక కార్మిక కుటుంబానికి నెలల సంపాదన. కాబట్టి ముందు తెలియాల్సింది ఏ సర్టిఫికెట్ గొప్పదో కాదు, ఒక్కో సర్టిఫికెట్ ఎవరి కోసం పుట్టింది, ఏం నిరూపిస్తుంది, ఏం నిరూపించదు అన్నది.

మహేశ్ బ్యాంకులో ఏం లేకపోయింది?

నెట్‌వర్క్ సెక్యూరిటీ అనగానే నల్ల తెర మీద పచ్చ అక్షరాలు పరుగెత్తే సినిమా దృశ్యం గుర్తొస్తుంది. అసలు పని ఎలా ఉంటుందో తెలియాలంటే హైదరాబాద్‌లో జరిగిన ఒక కేసు చూడాలి.

2022 జనవరిలో ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా దొంగిలించారు. హైదరాబాద్ పోలీసులు వెల్లడించిన వివరాల ప్రకారం దాడి మొదలైంది మామూలు ఈమెయిళ్లతో. ఉద్యోగులకు ఫిషింగ్ మెయిళ్లు వచ్చాయి. ఇద్దరు ముగ్గురు తెరిచారు. దాంతో దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాం లోపలికి చేరింది. కీబోర్డు మీద నొక్కే ప్రతి అక్షరాన్నీ అది పట్టుకుంది. అలా దొరికిన పాస్‌వర్డులతో దొంగలు బ్యాంకు సర్వర్ దాకా వెళ్లి, డబ్బును వందకు పైగా ఖాతాలకు, అక్కడి నుంచి మరికొన్ని వందల ఖాతాలకు మళ్లించి, ఏటీఎంలలో తీసుకున్నారు.

ఒక గుమాస్తా మెయిల్ తెరిస్తే బ్యాంకు సర్వర్ దాకా దారి ఎలా దొరికింది? ప్రధాన కార్యాలయం, శాఖల నెట్‌వర్కులను విడివిడిగా ఉంచలేదని, సరైన ఫైర్‌వాల్ లేదని, అత్యున్నత అధికారాలున్న యూజర్ ఖాతాలు అవసరానికి మించి ఉన్నాయని పోలీసులు చెప్పారు. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది.

ఈ లోపాల్లో ఒక్కటి కూడా మహా హ్యాకర్‌కు మాత్రమే తెలిసేది కాదు. నెట్‌వర్క్‌ను ముక్కలుగా విడదీయడాన్ని వీల్యాన్ అంటారు. ఒక ముక్కలోంచి మరో ముక్కలోకి ఎవరు వెళ్లొచ్చో రాసిపెట్టే జాబితాను యాక్సెస్ లిస్ట్ అంటారు. రెండూ సిస్కో కంపెనీ ప్రాథమిక పరీక్ష సీసీఎన్ఏ పాఠాల్లో ఉన్నాయి. ఆ పరీక్షలో సెక్యూరిటీ మౌలికాంశాలకు 15 శాతం, స్విచ్‌లు, వీల్యాన్‌లు ఉండే విభాగానికి 20 శాతం, రౌటింగ్‌కు 25 శాతం వెయిటేజీ. హ్యాకింగ్ కోర్సులో చేరే కుర్రాడికి ఈ పాఠాలు చప్పగా అనిపిస్తాయి. కోట్లు పోయింది మాత్రం ఈ పాఠాల దగ్గరే.

సాంచా నేర్చుకునేవాడు కూడా మొదట తెగిన పోగు అతకడమే నేర్చుకుంటాడు. డిజైను తర్వాత సంగతి.

మెట్లు ఎక్కే వరుస

సీసీఎన్ఏ 1998 నుంచి ఉంది. ప్రస్తుత రూపం 2020 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పుడే సిస్కో అంతకు ముందున్న సీసీఎన్ఏ సెక్యూరిటీ, సీసీఎన్ఏ వైర్‌లెస్ వంటి విడి శాఖలను ఎత్తేసి ఒకే పరీక్షగా కలిపింది. ఇప్పటికీ ఏ కేంద్రమైనా సీసీఎన్ఏ సెక్యూరిటీ అనే సర్టిఫికెట్ ఇప్పిస్తామంటే వాళ్ల పాఠాలు ఎప్పటివో అడగాలి. ఎంసీఎస్ఈ కూడా అంతే. మైక్రోసాఫ్ట్ దాన్ని 2021 జనవరి చివరితో ఆపేసింది. ప్యాకేజీలో ఆ పేరు ఉంటే లేని పరీక్షకు డబ్బు కడుతున్నట్టే.

సీసీఎన్ఏ పరీక్ష ఫీజు 300 డాలర్లు. రూపాయల్లో, పన్నుతో కలిపితే 30 వేలకు అటూఇటూ. రెండు గంటల పరీక్ష. మూడేళ్లు చెల్లుతుంది. తప్పితే మళ్లీ పూర్తి ఫీజు కట్టాలి. కేంద్రం చెప్పే ప్యాకేజీ ధరలో ఈ ఫీజు ఉందో లేదో చాలామంది చివరిదాకా అడగరు.

కంప్‌టియా సంస్థ ఇచ్చే సెక్యూరిటీ ప్లస్ ఏ ఒక్క కంపెనీ పరికరాలకూ కట్టుబడనిది. 90 నిమిషాల్లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు. దాడుల రకాలు, ఎన్‌క్రిప్షన్, గుర్తింపు, ప్రమాదం జరిగాక చేయాల్సిన పనులు అన్నిటినీ పైపైన తడుముతుంది. పదజాలం, భావనలు ఒంటబట్టాయని చెప్పడానికి మంచి పరీక్ష. అమెరికాలో ఉద్యోగ ప్రకటనల నిండా దీని పేరే ఉండటానికి ఒక కారణం వేరే ఉంది. రక్షణ శాఖ సమాచార వ్యవస్థల మీద పనిచేసేవాళ్లకు నిర్దిష్ట సర్టిఫికెట్లు తప్పనిసరి చేస్తూ అమెరికా 2005లో నిబంధన తెచ్చింది. ఆ జాబితాలో సెక్యూరిటీ ప్లస్ ఉంది. ఆ కొలువుల్లో ఎక్కువ వాటికి ప్రభుత్వ భద్రతా అనుమతి కావాలి. అది సాధారణంగా అమెరికా పౌరులకే ఇస్తారు. ఎంఎస్ చదవడానికి వెళ్లిన తెలుగు విద్యార్థులు ఆ ప్రకటనలు చూసి పరీక్ష రాసి, తీరా దరఖాస్తు దగ్గర పౌరసత్వం గడి చూసి ఆగిపోవడం అందుకే.

ఐఎస్‌సీ2 సంస్థ 2022లో సర్టిఫైడ్ ఇన్ సైబర్‌సెక్యూరిటీ అనే ప్రవేశ స్థాయి పరీక్ష తెచ్చింది. పది లక్షల మందికి శిక్షణ, పరీక్ష ఉచితమని ప్రకటించింది. పాసయ్యాక ఏటా 50 డాలర్ల నిర్వహణ రుసుము కట్టాలి. ఉచితంగా దొరికేదాన్ని కేంద్రాలు ప్యాకేజీలో చేర్చి అమ్మినా అడిగేవాళ్లు లేరు.

అదే సంస్థ ఇచ్చే సీఐఎస్ఎస్‌పీ ఈ రంగంలో పెద్ద పేరు. దానికి రెండు లేదా అంతకు మించిన విభాగాల్లో అయిదేళ్ల జీతం తీసుకున్న అనుభవం కావాలి. డిగ్రీ ఉంటే ఏడాది తగ్గుతుంది. అనుభవం లేకుండా పరీక్ష పాసైతే అసోసియేట్ హోదా ఇచ్చి, అనుభవం సంపాదించడానికి ఆరేళ్ల గడువు ఇస్తారు. ఆడిట్ వైపు వెళ్లేవాళ్లు రాసే సీఐఎస్ఏకి కూడా అయిదేళ్ల షరతు ఉంది. ఈ రెండింటి జీతాలు చూపించి కొత్తవాళ్లను చేర్చుకోవడం ప్రకటనల్లో పాత ఎత్తు. పదేళ్ల అనుభవం ఉన్నవాడి జీతం సర్టిఫికెట్ వల్ల వచ్చిందో, పదేళ్ల వల్ల వచ్చిందో ఆ ప్రకటన చెప్పదు.

ఇక మన దగ్గర బాగా వినిపించే పేరు సీఈహెచ్. ఈసీ కౌన్సిల్ ఇస్తుంది. నాలుగు గంటల్లో 125 బహుళైచ్ఛిక ప్రశ్నలు. అధికారిక శిక్షణ తీసుకోకుండా నేరుగా రాయాలంటే రెండేళ్ల అనుభవం చూపించాలి. అనుభవం లేని కుర్రాడికి గుర్తింపు పొందిన కేంద్రమే దారి. సీసీఎన్ఏ కంటే బాగా ఖరీదు కూడా. చేసి చూపించే పరీక్ష విడిగా ఉంది, కానీ ఎక్కువమంది రాసేది ప్రశ్నలు గుర్తించేదే. నిజంగా చొరబడి చూపించమనే పరీక్ష ఓఎస్‌సీపీ. దాదాపు 24 గంటలు కెమెరా ముందు కూర్చుని, ఇచ్చిన యంత్రాల్లోకి ప్రవేశించాలి. ఆ తర్వాత 24 గంటల్లో ఏం చేశారో నివేదిక రాసి పంపాలి. దానికి ఎక్కడా అడ్డదారి లేదు. లినక్స్, నెట్‌వర్కింగ్, కొంత ప్రోగ్రామింగ్ చేతిలో ఆడాలి.

కంపెనీలు ఈ కాగితం ఎందుకు అడుగుతాయి?

నైపుణ్యం కోసమే అనుకుంటే సగం కథే. మన దేశంలో ప్రభుత్వ సంస్థలు, బ్యాంకులు తమ వ్యవస్థలను తనిఖీ చేయించుకోవాలంటే సెర్ట్-ఇన్ గుర్తించిన ఆడిట్ సంస్థల జాబితా చూస్తాయి. సెర్ట్-ఇన్ అంటే 2004లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సైబర్ అత్యవసర స్పందన బృందం. ఆ జాబితాలోని ఆడిట్ సంస్థలు ఇచ్చే వివరాల పత్రంలో ఒక గడి ఉంటుంది. మీ దగ్గర సీఐఎస్ఎస్‌పీలు ఎందరు, సీఐఎస్ఏలు ఎందరు, ఐఎస్ఓ 27001 లీడ్ ఆడిటర్లు ఎందరు, ఇతర సెక్యూరిటీ అర్హతలున్నవారు ఎందరు అని. అంటే ఉద్యోగి సర్టిఫికెట్ కంపెనీ టెండరులో ఒక అంకె. ఆ అంకె కోసం అడిగే కంపెనీలో అది లేనిదే పిలుపు రాదు. పిలుపు వచ్చాక ఇంటర్వ్యూ చేసేవాడు మాత్రం కాగితం పక్కన పెట్టి, రెండు స్విచ్‌ల బొమ్మ గీసి ప్రశ్న అడుగుతాడు.

సూరత్‌లోనే పని ఉందా?

ఉంది, కానీ బోర్డు మీద రాసిన పేరుతో ఉండదు.

రోజంతా తెరల ముందు కూర్చుని హెచ్చరికలు గమనించే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్లు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, పుణె వంటి చోట్ల ఉన్నాయి. గుజరాత్‌లో అహ్మదాబాద్, గాంధీనగర్ గిఫ్ట్ సిటీ వైపు చూడాలి. సూరత్‌లో దొరికే మొదటి పని నెట్‌వర్క్ సపోర్టు, ఫైర్‌వాల్ అమర్చి నిర్వహించడం, బ్యాకప్ చూసుకోవడం, ఇంటర్నెట్ సర్వీసు కంపెనీల్లో రాత్రి డ్యూటీ. హోదా పేరులో సెక్యూరిటీ అనే మాట కూడా ఉండకపోవచ్చు. పని మాత్రం అదే.

ఆ పనికి గిరాకీ పెంచుతున్నవి మూడు నిబంధనలు. సూరత్ సహకార బ్యాంకుల నగరం. సూరత్ పీపుల్స్, సూటెక్స్, వరాఛా వంటి బ్యాంకులు బట్టల, వజ్రాల వ్యాపారుల డబ్బుతో పెరిగినవి. 2018 ఆగస్టులో పుణె కాస్మోస్ బ్యాంకు నుంచి 94 కోట్ల రూపాయలు దోచుకున్న తర్వాత, రిజర్వు బ్యాంకు అర్బన్ సహకార బ్యాంకులకు ఆ ఏడాది అక్టోబరులో కనీస సైబర్ భద్రతా నిబంధనలు, 2019 డిసెంబరు 31న నాలుగు స్థాయిల విధానం తెచ్చింది. బ్యాంకు డిజిటల్ సేవలు ఎంత విస్తరిస్తే అంత ఎక్కువ భద్రత ఉండాలి. పై స్థాయిలో సొంతంగానో, బయటివారి ద్వారానో నిఘా కేంద్రం ఉండాల్సిందే.

రెండోది, 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు. సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో నివేదించాలి. లాగ్‌లు, అంటే ఏ యంత్రంలో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే రికార్డులు, 180 రోజులు దాచాలి. ఇది బ్యాంకులకే కాదు, కంపెనీలన్నిటికీ వర్తిస్తుంది. రింగ్ రోడ్డు మార్కెట్లోని కంపెనీ అయినా, వజ్రాల కార్యాలయం అయినా తప్పించుకోలేదు. ఫైర్‌వాల్‌ను డబ్బాలోంచి తీసి తగిలించి వదిలేసిన చోట 180 రోజుల లాగ్‌లు ఎక్కడి నుంచి వస్తాయి? వాటిని ఎక్కడ దాచాలో, గడియారాలు ఒకే సమయం ఎలా చూపించాలో తెలిసినవాడు కావాలి.

మూడోది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. వాటిలో ప్రధాన బాధ్యతలు 2027లో అమల్లోకి వస్తాయి. వ్యక్తిగత డేటాకు తగిన రక్షణ కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. ఆసుపత్రి, బడి, ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే వ్యాపారి, అందరి దగ్గరా ఫోన్ నంబర్లు, చిరునామాలు ఉన్నాయి. వీళ్లలో ఎక్కువమంది ఇంకా ఈ సంగతి పట్టించుకోలేదు. పట్టించుకునే రోజు వచ్చినప్పుడు గాంధీనగర్ నుంచి మనిషిని పిలిపించరు. ఊళ్లో ఉన్నవాడినే అడుగుతారు.

ప్రపంచవ్యాప్తంగా 48 లక్షల మంది సైబర్ నిపుణుల కొరత ఉందన్న మాట కౌన్సెలింగ్‌లో తప్పక వస్తుంది. ఐఎస్‌సీ2 సంస్థ 2024 అంచనా అది. సంస్థలు తమకు ఎంతమంది కావాలనుకుంటున్నాయి, ఎంతమంది ఉన్నారు అనే రెండింటి తేడా. ఖాళీగా ఉన్న కుర్చీల లెక్క కాదు. అదే నివేదికలో సిబ్బంది కొరతకు మొదటి కారణం బడ్జెట్ లేకపోవడమని చెప్పారు. పైగా కొరత అనుభవజ్ఞులది. కొత్తవాళ్లు చేసే హెచ్చరికల వడపోత పనిలో కొంత ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలకు పోతోంది కూడా.

ఫీజు కట్టే ముందు

లింబాయత్‌లో బీసీఏ చివరి ఏడాదిలో ఉన్న అమ్మాయి ఉందనుకుందాం. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంది, మెమరీ ఎనిమిది జీబీ. సిస్కో ప్యాకెట్ ట్రేసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆమె రౌటర్లు, స్విచ్‌లు కలిపి మొత్తం నెట్‌వర్క్ కట్టుకోవచ్చు. మహేశ్ బ్యాంకు లాంటి నెట్‌వర్క్ ఒకటి గీసి, శాఖను సర్వర్ నుంచి విడదీసి, గుమాస్తా కంప్యూటర్ సర్వర్‌ను చేరలేకపోవడం కళ్లారా చూడొచ్చు. వర్చువల్ మెషీన్లలో లినక్స్ నడపొచ్చు. వెబ్‌సైట్ల లోపాలు నేర్చుకోవడానికి పోర్ట్‌స్విగ్గర్ అకాడమీ ఉచితం, లినక్స్ ఆదేశాలకు ఓవర్‌దివైర్ ఉచితం. ఇలా నాలుగైదు నెలలు చేశాక ఆసక్తి నిలిస్తే సీసీఎన్ఏ ఫీజు దండగ కాదు. ఆసక్తి పోతే పోయింది కాలం మాత్రమే.

కేంద్రాలన్నీ మోసమని దీని అర్థం కాదు. ఇంట్లో ఇంగ్లిష్‌లో సందేహం తీర్చేవాళ్లు లేని పిల్లలకు, తోటివాళ్లతో కూర్చుని చేస్తేగానీ ముందుకు సాగనివాళ్లకు మంచి గురువు దొరికితే ఆరు నెలల పని మూడు నెలల్లో అవుతుంది. నిజమైన రౌటర్లు, ఫైర్‌వాల్‌లు తాకనిచ్చే ల్యాబ్ ఉంటే ఇంకా మంచిది. చేరేముందు ఒక రోజు ఆ ల్యాబ్‌లో కూర్చోనివ్వమని అడగొచ్చు. చదువే కొనసాగించాలనుకునేవాళ్లకు సీడాక్ హైదరాబాద్‌లో ఐటీ మౌలిక వ్యవస్థలు, భద్రత పీజీ డిప్లొమా ఉంది. దానికి సీ-క్యాట్ ప్రవేశ పరీక్ష రాయాలి. గాంధీనగర్ జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయంలో సైబర్ సెక్యూరిటీలో ఎమ్మెస్సీ ఉంది.

అంతర్జాతీయ సర్టిఫికెట్ అన్న మాటను అక్షరాలా పరీక్షించాలి. కేంద్రం తన ప్రింటర్‌లో తీసి ఇచ్చే కాగితానికి బయట విలువ లేదు. సిస్కో, కంప్‌టియా, ఐఎస్‌సీ2 ఇచ్చేవి క్రెడ్లీ వేదికలో డిజిటల్ బ్యాడ్జిలుగా కనిపిస్తాయి. లింకు నొక్కి ఎవరైనా సరిచూసుకోవచ్చు. కిందటి బ్యాచ్‌లో పాసైన ఇద్దరి బ్యాడ్జి లింకులు చూపించమంటే కేంద్రం సంగతి అయిదు నిమిషాల్లో తేలుతుంది.

పరీక్షకు ముందు రాత్రి చేతికి వచ్చే ప్రశ్నల ఫైళ్ల వ్యవహారం మరొకటి. వీటిని డంప్స్ అంటారు. అసలు ప్రశ్నలు దొంగిలించి అమ్మేవి. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దు చేయడమే కాక, మళ్లీ రాయకుండా నిషేధించే హక్కు సంస్థకు ఉంది. పట్టుబడకపోతే ఇంటర్వ్యూలో స్విచ్ బొమ్మ దగ్గర పట్టుబడతారు. అలాగే నేర్చుకున్న ఉత్సాహంలో పక్కింటి వైఫై మీదో, కాలేజీ సర్వర్ మీదో ప్రయోగాలు చేయకూడదు. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి వెళ్లడం ఐటీ చట్టంలో 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా. పోలీసు కేసున్న కుర్రాడిని బ్యాంకు నెట్‌వర్క్ దగ్గరికి ఎవరూ రానివ్వరు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది వాయిదాల కాగితం. ఫీజు వాయిదాల్లో కట్టొచ్చు అన్నప్పుడు చాలా సందర్భాల్లో ఆ వాయిదా కేంద్రానికి కట్టేది కాదు. ఒక రుణ సంస్థ కేంద్రానికి మొత్తం ఫీజు ముందే చెల్లించి, విద్యార్థి పేరు మీదో తండ్రి పేరు మీదో అప్పు రాసుకుంటుంది. కోర్సు నచ్చక రెండో నెలలో మానేసినా, కేంద్రం తలుపులు మూసుకున్నా నెల నెలా బ్యాంకు ఖాతాలోంచి డబ్బు పోతూనే ఉంటుంది. ఆగితే తండ్రి సిబిల్ స్కోరు పడిపోతుంది. ఆ ఇంట్లో తర్వాత సాంచా కొనడానికో, ఇల్లు కట్టడానికో అప్పు కావాల్సి వచ్చినప్పుడు అది అడ్డం వస్తుంది. గుజరాతీలోనో ఇంగ్లిష్‌లోనో ఉండే ఆ పత్రం మీద సంతకం పెట్టేముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగాలి: అప్పు ఇచ్చేది ఎవరు, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి వస్తుంది, పరీక్ష ఫీజు ఇందులో ఉందా లేదా. ప్లేస్‌మెంట్ హామీ ఏ పత్రంలో రాసి ఉందో కూడా ఆ పూటే చూపించమనాలి.